జొన్నల పాతరలో పూజ

మా నాయనకు బొమ్మలంటే పడదు. నంద్యాలలో మా ఇంటి గోడమీద ఏటా ఒక కొత్త క్యాలెండరు వేలాడేది. దానిమీద ఏసుప్రభువు బొమ్మ ఉన్నా సరే, కత్తెర తీసుకుని పైభాగమంతా కత్తిరించేసి తేదీల ముక్క మాత్రం మేకుకు తగిలించేవాడు. “దేవుడు ఆత్మ. ఆత్మకు ముక్కూ మొగం యాడుంటాయి?” అనేవాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. రుజువు చూపించనిదే ఏదీ ఒప్పుకోడు. ఆదివారం గుడిలో మాత్రం కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడంటే కిటికీ అద్దాలు అదిరేవి. గొంతు లావు, మనిషి అంతకన్నా లావు.

అలాంటాయన కూతుర్ని, ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెలో, ఇంటినిండా మరియమ్మ బొమ్మలున్న క్యాథలిక్ కుటుంబానికి కోడలినయ్యాను.

మా ఆయనా నేనూ బనగానపల్లెలో ఒకే బడిలో పనిచేసేవాళ్లం. నేను నంద్యాల నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఆయన అక్కడే బాడుగ గదిలో ఉండేవాడు. గది పక్కనే మామిడికాయల మండీ. ఎండాకాలం మొదలైందంటే రోజూ పొద్దున్నే ఒక పండు తెచ్చి స్టాఫ్ రూములో నా బల్లమీద పెట్టి, ఏమీ ఎరగనట్టు హాజరు వేసుకుంటూ కూర్చునేవాడు. పండ్ల కాలం అయిపోయేలోపు సంగతి తేలిపోయింది.

“ఇద్దరిదీ ఒకే బైబిలు గదా నాయనా” అన్నాను ఇంట్లో.

“బైబిలు ఒకటేలే. మనం తెరిచి చదువుతాం. వాళ్లు మూసిపెట్టి ముందర కొవ్వొత్తి ముట్టిస్తారు” అన్నాడు మా నాయన. అయినా అబ్బాయిని చూశాక మెత్తబడ్డాడు. పెళ్లి వాళ్ల గుడిలో, విందు దగ్గర ప్రార్థన మా గుడి పాస్టరు అయ్యగారిది అని రాజీ కుదిరింది. ఆ ప్రార్థన ఎంత పొడుగు సాగిందంటే, పెళ్లివారి వైపు పిల్లలు ఆమెన్ అనేలోపే సగం బూందీ తినేశారు.

మా అత్త సన్నగా, పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. మామ అప్పటికే పోయాడు. ఇద్దరు కొడుకుల్నీ సేద్యం చేసి పెంచింది. కాపురానికి వచ్చిన మరుసటి రోజు నన్ను పెరటి వెనక కళ్లంలోకి తీసుకుపోయింది. అక్కడ గడ్డివామి పక్కన నేలకు సమంగా ఒక పెద్ద నాపరాయి పరిచి ఉంది. అంచుల వెంట మట్టి మెత్తి, పైన పేడతో అలికి ఉంది.

“ఇదేందో తెలుసునా?” అంది.

“పాతర గదా అత్తా” అన్నాను. మా వైపు నేలలో గుండ్రంగా తవ్వి జొన్నలు దాచుకునే పాతరలు ఒకప్పుడు ప్రతి రైతు ఇంటికీ ఉండేవి. మూతి మనిషి పట్టేంత, లోపల మాత్రం బానలాగా వెడల్పు.

“మీ నంద్యాలోళ్లకు పాతర. మాకు ఇది మొదటి గుడి” అంది మా అత్త. తర్వాత రాయి పక్కనే చతికిలబడి, నన్ను కూడా కూర్చోబెట్టి, ఆ కథ చెప్పింది.

అవి ఎవరి ఏలుబడిలో ఉన్న రోజులో ఆమెకు సరిగా తెలియదు. ఒకసారి నవాబు సైన్యం అనేది, ఇంకోసారి పాళెగాడి మనుషులు అనేది. ఎవరైనా కానీ, సిలువ కనిపిస్తే ఇల్లు కాలుస్తామన్నారట. గుడిసె గుడిని కాల్చేశారట. పూజ చేయించే గురువును, అదే స్వాములవారిని, ఊళ్లోకి అడుగుపెట్టనివ్వలేదట. అప్పుడు ఈ ఇంటి పూర్వీకులు ఏటా జొన్నలు ఖాళీ అయ్యాక ఈ పాతరలో దిగి పూజ చేసుకునేవారట.

“మరి స్వాములవారు యట్లా వచ్చేటోళ్లు?” అని అడిగాను.

“గాజులమ్మేటోని వేషంలో” అంది మా అత్త, తానే వేషం కట్టించినంత గర్వంగా. “భుజాన గాజుల మలారం ఏసుకోని, గాజులమ్మా గాజులూ అని కేకేస్తాండె. గాజులోడు గదా, ఏ ఆడదాని చెయ్యి పట్టుకున్నా ఎవరూ ఏమనరు. గాజు ఎక్కిస్తా ఎక్కిస్తా అరచేతిలో బొటనవేలితో సిలువ గీస్తాండె. గీసినాడా, ఆ పొద్దు పాతరలో పూజ ఉండాదని గుర్తు.”

“ఆ స్వాములోరు దొర గదా అత్తా? తెల్లగా ఉంటే గుర్తుపట్టరా?”

“యాడ తెలుపు? ఈ ఎండల్లో తిరిగి తిరిగి మనకన్నా నల్లగైనాడంట.” ఒక క్షణం ఆలోచించి, “కండ్లు మాత్రం పిల్లికండ్లంట. దానికి తల దించుకోని తిరుగుతాండె” అంది.

మొగవాళ్లకు మాత్రం చిక్కొచ్చి పడిందట. ఆడవాళ్లు రోజూ గాజులు పగలగొట్టుకుని, గాజులవాడు ఎప్పుడొస్తాడా అని వాకిట్లో నిలబడేవారట. ఇదేం భక్తిరా నాయనా, గాజులకే కొంప మునిగేట్టుందని ఒక తాత ఏడ్చాడట.

పాతరలో పూజ జరిగేటప్పుడు పైన ఆడవాళ్లు రోళ్లు పెట్టుకుని జొన్నలు దంచేవారు. రోకటి పోటుకు కింది పాట వినిపించకూడదని. దంచుతూ వాళ్లూ పాడేవారు. ఆ పాట మా అత్తకు వచ్చు. రాయిమీద అరచేత్తో తాళం వేస్తూ పాడి వినిపించింది:

దంచేటి చేతులకు దండిగా బలమియ్యి
మమ్ము గన్న మరియమ్మ, మాయమ్మ రావే

“సిపాయిలు వస్తాండారని తెలిసిందనుకో, మరియమ్మను మారెమ్మ చేస్తారు. అంతే. ఏ దేవరకు పాడతాండారని వాళ్లు అడిగితే, మారెమ్మ తల్లికప్పా అంటారు. గుర్రం మీదున్నోనికి ఆ రెంటికీ తేడా ఏం తెలుస్తాది?”

నేను కడుపుబ్బ నవ్వాను. మా అత్త కూడా నవ్వింది కానీ, లేచేటప్పుడు రాయిని తాకి కళ్లకు అద్దుకుంది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది.

ఆ ఊళ్లో ఈ కథ తెలియని ఇల్లు లేదు. పైగా ప్రతి ఇంటికీ అందులో ఒక వాటా ఉంది. మా ఎదురింట్లో ఒక దూదేకుల అవ్వ ఉంది. పరుపులు కుట్టే ఇల్లు వాళ్లది. ఆమె చెప్పే కథలో అసలు మనిషి ఆ గాజుల స్వామి కాడు, ఒక సిపాయి. ఆ సిపాయి దప్పికై నీళ్లకోసం కళ్లంలోకి వచ్చాడట. రోళ్ల చప్పుడు ఒక్క క్షణం ఆగినప్పుడు కాళ్ల కింద నుంచి పాట విన్నాడట. వినీ విననట్టు నీళ్లు తాగి చెంబు కిందపెట్టి, “దంచండి, ఆపొద్దు” అని చెప్పి పోయాడట.

“ఆ సిపాయి మా ముత్తాత” అనేది అవ్వ.

“మీ ముత్తాత దూది ఏకుతాండె గదమ్మా, సిపాయి యెప్పుడైనాడు?” అనేది మా అత్త.

“సిపాయి పని మానుకున్నాక దూది ఏకినాడులే. నీకంతా తెలిసినట్టే చెప్తావ్.”

ఈ వాదన ఇద్దరికీ కాఫీలాంటిది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లేకపోతే తోచేది కాదు.

మా నాయనకు ఈ కథ మొదటి పండగకే తెలిసింది. ఆ ఊరి గుడి పండగకు కూతుర్ని చూసే నెపంతో వచ్చి, తేరు మీద ఊరేగే మరియమ్మను అరుగుమీద నుంచి చేతులు కట్టుకుని చూశాడు. ఆ విగ్రహం ఆళ్లగడ్డ శిల్పులు చెక్కింది. వాళ్ల చేతికి అలవాటైన పద్ధతిలో పెద్ద కళ్లు, నిండు బుగ్గలు వచ్చాయి. “మరియమ్మకు ముక్కుపుడక ఒకటే తక్కువ” అన్నాడు మా నాయన. మా అత్త వెంటనే, “మన మొగం లేకపోతే మన మాట యట్లా వింటాదన్నా?” అంది. లెక్కల మాస్టారు పళ్లెంలో రొట్టె తుంచుకున్నాడు.

తర్వాత పాతర కథ చెప్పింది. మా నాయన మొత్తం విని, “పూజా లేదు ఏమీ లేదు చెల్లెమ్మా. శిస్తు వసూలుకొచ్చినోళ్లకు జడిసి జొన్నలు దాచినారు. ఆనక ఎవరో పుణ్యాత్ముడు దానికి దేవుణ్ణి తగిలించినాడు” అన్నాడు.

“జొన్నలూ దాచినాం, దేవుణ్ణీ దాచినాం. రెండూ కావాల్సినవే గదా” అంది మా అత్త.

అట్లా చాలా ఏళ్లు గడిచాయి. నాకు పిల్లలు పుట్టారు. ఆళ్లగడ్డలోనే ఒక బడికి బదిలీ అయింది. మా నాయన ఏటా పండగకు రావడం, వియ్యపురాలితో వాదించడం, బనగానపల్లె మామిడిపండ్లు తిని నంద్యాల బస్సు ఎక్కడం మాకు పండగలో భాగమైపోయింది. పాతర మీది రాయిని మాత్రం ఎవరూ కదిలించలేదు. మామ బతికున్నప్పుడే అందులో జొన్నలు పోయడం మానేశారట.

ఈమధ్య మా మరిది ఇల్లు పెంచాలనుకున్నాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఉన్న గదులు చాలడం లేదు. స్థలం కళ్లంలోనే ఉంది. కానీ పునాది సరిగ్గా పాతర మీదికే వస్తుంది. ఒక సాయంత్రం తల్లి దగ్గర కూర్చుని, భయపడుతూ చెప్పాడు.

“పూడ్చాల్సొస్తాదిమ్మా. గుంత మీద గోడ నిలబడదు.”

మా అత్త లేచి పోయి రాయి దగ్గర నిలబడింది. తర్వాత, “పూడ్చే ముందర ఒకసారి తెరవాల. నేను ఇంతవరకూ లోపల చూడలేదు. పూజ జరిగిన చోటని చెప్పి నా కొడుకులకు, కోడళ్లకు చూపిస్తినే గాని, నేనే చూడకపోతిని” అంది.

నేను విస్తుపోయాను. అంత వివరంగా చెప్పే మనిషి లోపలికి దిగలేదని నాకు తట్టనే లేదు. ఆమె కాపురానికి వచ్చినప్పుడు పాతరనిండా జొన్నలట. తీసేటప్పుడు దిగేది మొగవాళ్లట.

ఆ రాత్రి ఫోన్లో మా నాయనకు చెప్పాను. మరుసటి రోజు మధ్యాహ్నానికల్లా ఆళ్లగడ్డ బస్టాండులో దిగాడు. సంచిలో టార్చిలైటు, కొలిచే టేపు, మార్చుకోవడానికి ఒక లుంగీ. “రుజువు చూసే అవకాశం మళ్లీ రాదమ్మా” అన్నాడు నాతో. మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

గడ్డపారలతో రాయి లేపేసరికి ఊరు సగం కళ్లంలోనే ఉంది. లోపల పూజలో వాడిన వెండి గిన్నె ఉంటుందని ఒకరు, మరియమ్మ చిన్న విగ్రహం ఉంటుందని ఒకరు. దూదేకుల అవ్వ కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చుంది. రాయి పక్కకు జరగగానే పుల్లటి పాత వాసన ఒకటి పైకి వచ్చింది. అందరూ రెండడుగులు వెనక్కి వేస్తే మా నాయన మాత్రం లుంగీ ఎగగట్టి ముందుకు వచ్చాడు.

“ఆగన్నా!” అని అరిచింది మా అత్త. “ఇన్నేండ్లు మూసిన పాతరలో గాలి చెడిపోయి ఉంటాది. దిగినోడు దిగినట్టే పడిపోతాడు.”

బకెట్లో దీపం పెట్టి తాడుతో కిందికి వదిలింది. సగం దూరం పోగానే దీపం ఆరిపోయింది. మా నాయన లుంగీ దించుకున్నాడు.

మా మరిది, మా ఆయన వేపకొమ్మల మోపు ఒకటి తాడుకు కట్టి, పాతరలోకి వదులుతూ లాగుతూ గాలి కలిపారు. మూతి తెరిచిపెట్టి, చుట్టూ ముళ్లకంప వేసి ఆ రోజుకు వదిలేశాం. సాయంత్రమంతా మా నాయన మంచమ్మీద కూర్చుని కళ్లం వైపే చూశాడు. రొట్టె, ఊరిబిండి పచ్చడి పెడితే ఏం తింటున్నాడో కూడా తెలియకుండా తిన్నాడు.

పొద్దున మళ్లీ దీపం వదిలితే అడుగుదాకా పోయి నిలకడగా వెలిగింది. నిచ్చెన వేసి ముందు మా ఆయన దిగాడు, నడుముకు తాడు కట్టుకుని. పైనుంచి అందరం ఒకరి మీద ఒకరం పడి చూస్తున్నాం.

“ఏముండాది?” అని అరిచాడు మా మరిది.

“గడ్డి ఉండాది. నల్లగా మాగిపోయిన జొన్నలు ఉండాయి. ఒక ఎలుక ఉండాది, చచ్చి శానా కాలమైంది.”

“గిన్నె?”

“గిన్నె లేదు, చెంబూ లేదు.” దీపం వెలుగు గోడ మీదికి జరిగింది. “గోడలో ఒక గూడు ఉండాది. దీపం పెట్టే గూడు మాదిరి. పైనంతా మసి.”

పైన ఒక్కసారిగా గోల లేచింది. మా అత్త సిలువ గుర్తు వేసుకుంది. అవ్వ, “చెప్తి గదా!” అంది, ఆమె కథలో గూటి మాటే లేకపోయినా.

“నేను చూడాల” అని మా నాయన నిచ్చెన పట్టుకున్నాడు. కాళ్లు దిగాయి, మోకాళ్లు దిగాయి, నడుము దగ్గర మూతి పట్టేసింది. కిందికీ పోడు, పైకీ రాడు. కింద మా ఆయన కాళ్లు పట్టుకుని, పైన మా మరిది చంకలు పట్టుకుని, ఎటు లాగాలో తేలక నిలబడ్డారు.

“ఆ కాలంలో పూజకొచ్చినోళ్లు జొన్నరొట్టె తినేటోళ్లన్నా” అంది మా అత్త గంభీరంగా. “నీ మాదిరి నెయ్యన్నం తినేటోళ్లు కాదు.”

కళ్లమంతా నవ్వు. మా నాయనకు కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వుకు పొట్ట కదిలి జర్రున కిందికి జారిపోయాడు. లోపలి నుంచి, “ఏం కాలేదు, ఏం కాలేదు” అని వినిపించింది.

లోపల ఆయన చాలాసేపు ఉన్నాడు. టేపు చప్పుడు, టార్చి వెలుగు. “వెడల్పు బాగానే ఉండాది. దగ్గర దగ్గరగా నిలబడితే పాతికమంది పడతారు” అని నివేదిక పంపాడు. తర్వాత, “గూడు దీపానిదే. మసి చేతికి అంటుతాండాది. కానీ దీపం పెట్టినారంటే పూజ చేసినారని కాదు. జొన్నలు తీసేటోనికి కూడా వెలుతురు కావాల” అన్నాడు.

“జొన్నలు తీసే పూట ముట్టించే దీపానికి గూడెందుకు కట్టుకుంటారన్నా? చేతిలో పట్టుకుంటే చాలదా?” అంది మా అత్త పైనుంచి.

లోపల టేపు మళ్లీ చప్పుడైంది.

“చెల్లెమ్మా” అని పిలిచాడు చివరికి. “పాట పైకి వినపడదని కదా మీరు చెప్పేది? అది తేల్చవచ్చు. మూతి మీద చెక్క పలక, గోనెసంచులు పరచండి. నేను ఒక కీర్తన పాడతా. అల్లుడు నాతోనే ఉంటాడు. అయిపోతానే పలక మీద కర్రతో కొడతాం, తీయండి.”

మా ఆయన మొహం పాలిపోయిందని తర్వాత తనే చెప్పాడు. పాతరకు భయపడి కాదట, అంత దగ్గరగా మామ కీర్తన వినాల్సి వచ్చినందుకట.

పలక వేశాం, గోనెసంచులు పరిచాం. మా అత్త రెండు రోళ్లు తెప్పించింది. ఒక రోటి దగ్గర తను, రెండోదాని దగ్గర నేను. అవ్వ కుర్చీలోంచి లేచి, “నేనూ దంచుతా, మా ముత్తాత తరఫున” అని మా అత్త రోట్లో రెండో రోకలి అందుకుంది. దంచడం మొదలుపెట్టాం. మా అత్త పాట ఎత్తుకుంది, మమ్ము గన్న మరియమ్మ, మాయమ్మ రావే అని. నేను అందుకున్నాను. అవ్వ మాత్రం చివర్లో మారెమ్మ అనే పాడింది. ఆమె ఇంట్లో సిపాయి విన్న పాట అదేనట.

కింద నుంచి కర్ర చప్పుడు వచ్చింది. పలక తీశాం. మా నాయన చెమటతో తడిసి ముద్దయి, నిచ్చెన పట్టుకుని పైకి చూస్తున్నాడు.

“ఎట్లుండాది?” అన్నాడు.

“ఏందెట్లుండాది? మొదలుపెట్టినావా?” అంది మా అత్త.

“మొదలుపెట్టడమేందీ! అన్ని చరణాలూ పాడితి!”

మేము ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఒక్క అక్షరం వినపడలేదు. మా నాయన నమ్మలేదు. కావాలని ముందే కూడబలుక్కున్నారన్నాడు. మా ఆయన చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ, “మామ పాడినాడు, నిజం, నేను సాక్ష్యం” అన్నాడు. నంద్యాల గుడిలో అద్దాలు అదరగొట్టే ఆ గొంతు మా కాళ్ల కిందే ఉండి మాకు వినపడలేదంటే, నేను రోకలి కిందపెట్టేశాను. పుట్టినప్పటి నుంచీ ఆ గొంతు వింటున్న దాన్ని నేను.

మా నాయనను పైకి లాగడం వేరే కథ. నిచ్చెన, తాడు, నలుగురు మనుషులు, కాస్త ఆముదం. పైకి వచ్చి, నీళ్లు తాగి, “నేను పైనుంటా. ఈసారి చెల్లెమ్మ పాడాల. నా చెవుల్తో నేనే తేల్చుకుంటా” అన్నాడు.

మా అత్త కొంగు నడుముకు చుట్టి నిచ్చెన దిగింది. ఆ వయసులో ఆమె దిగిన తీరు చూస్తే చెట్టు దిగే ఉడుత గుర్తొచ్చింది. రోకళ్లు అవ్వకూ తోడికోడలికీ అప్పజెప్పి, వెంట నేను దిగాను.

లోపల చల్లగా ఉంది. గోడలు ఎర్రమట్టి పూసి నున్నగా తోమినట్టున్నాయి. పైన గుండ్రని ఆకాశం ముక్కలో మా నాయన తల కనిపించింది. పలక మూసేశారు. గూట్లో మా అత్త తెచ్చుకున్న చిన్న దీపం మిగిలింది.

ఆమె పాడలేదు. ముందు చేత్తో గోడ నిమిరింది, చుట్టూతా, గూటి దగ్గర మొదలుపెట్టి మళ్లీ గూటి దాకా. తర్వాత మాగిన జొన్నల మీదే మోకాళ్లు వేసింది. పెదవులు కదులుతున్నాయి. మరియమ్మను తలచే మంగళవార్త జపం. నేను మా గుడిలో ఆ జపం నేర్చుకున్నదాన్ని కాదు, అయినా ఆమె పక్కన మోకరించాను. బయట ప్రపంచం ఉన్న జాడే తెలియలేదు. రోళ్లు దంచుతున్నారో లేదో కూడా తెలియలేదు.

“అమ్మీ” అంది మెల్లగా, “భయమైతాంటాది గదా వాళ్లకు?”

“అవునత్తా.”

“నేనెప్పుడూ నవ్వుతానే చెప్తి ఈ కథ. గాజులని, పిల్లికండ్లని. భయం మాట మర్చేపోతి.” కళ్లు తుడుచుకుంది. అప్పుడు పాడింది. సన్నటి గొంతు ఆ గుండ్రటి గోడల మధ్య తిరిగి తిరిగి మాదగ్గరికే వచ్చింది, పదిమంది పాడుతున్నట్టు.

పలక తీసేసరికి మా నాయన మూతి దగ్గర నేలకు చెవి ఆనించి పడుకుని ఉన్నాడు. చెంపకంతా మట్టి.

“పాడినావా చెల్లెమ్మా?”

“పాడితినన్నా.”

ఆయన లేచి కూర్చుని మట్టి దులుపుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. “రోళ్లు ఆపించి కూడా విన్నా. ఏదో తేనెటీగ మాదిరి వినపడింది. రోళ్లు దంచితే అదీ లేదు” అన్నాడు. చెంప తుడుచుకుంటూ, “పూజ జరిగిందని నేను చెప్పను. జరగడానికి అడ్డం మాత్రం ఏమీ లేదు. అది చెప్తా” అన్నాడు.

మా నాయన నోట అంతకన్నా పెద్ద ఒప్పుకోలు నేను వినలేదు. మా అత్తకూ అది తెలుసు. దానిమీద ఇంకేమీ అడగలేదు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. “దీన్ని పూడ్చొద్దప్పా” అన్నాడు మా నాయన మా మరిదితో. “ఇట్లాంటిది ఇంకోటి దొరకదు. గది కాస్త పక్కకు జరుపుకో. చుట్టూ కంచె కట్టించు. పిల్లలకు చూపించొచ్చు.” కాగితం తీసి గది ఎటు జరపాలో గీయడం కూడా మొదలుపెట్టాడు. మా మరిది నెత్తి గోక్కున్నాడు.

అప్పుడు మా అత్త, “పూడ్చండి” అంది.

అందరం ఆమె వైపు తిరిగాం. ఇన్నాళ్లు ఆ రాయిని పేడతో అలికిన మనిషి.

“ఏందమ్మా, అంత సులువుగా అంటాండావ్!” మా నాయన కోపంగానే అన్నాడు.

“చూడాలనుకుంటి, చూస్తి. ఇంగ దాచుకోవాల్సిన పనేముండాదన్నా? పండగపూట మా గుడి మైకు పెడితే ఆళ్లగడ్డ దాకా వినపడతాండాది. ఈ గుంత ఉంటే ఏ పిల్లో ఆడుకుంటా పడతాది. దాగినోళ్లు పిల్లల కోసమే గదా దాగింది.”

మా నాయన చేతిలో కాగితం అట్లాగే ఉండిపోయింది. తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పూడ్చేముందు ఊళ్లోవాళ్లకు రెండు రోజులు వదిలేశాం. దిగాలన్నవాళ్లు దిగారు. గుడి స్వాములవారు కూడా వచ్చారు. కుర్ర స్వామి, కొత్తగా వచ్చినవాడు. దిగి, తలొంచుకుని ప్రార్థన చేసి, పైకి వచ్చాక, “వచ్చే పండగ పూజ ఇక్కడ పెట్టుకుందామనుకుంటినే” అని నొచ్చుకున్నాడు. “గది కట్టినాక రండి స్వామీ, భోజనం పెడతాం” అంది మా అత్త. దూదేకుల అవ్వ మోకాళ్ల నొప్పి వల్ల దిగలేకపోయింది. కుర్చీ మూతి దగ్గరికి జరిపించుకుని, లోపలికి తొంగి చూసి, కాస్త నీళ్లు పోసింది. ఎందుకవ్వా అంటే, “మా ముత్తాత ఆ పొద్దు వీళ్ల నీళ్లు తాగి పోయినాడు గదా” అంది.

గరుసుమట్టి తోలి పూడ్చారు. మా నాయన దగ్గరుండి దిమ్మిస కొట్టించాడు. గట్టిగా కూరకపోతే గోడ బీటలిస్తుందని మా మరిదికి లెక్కలు వేసి చూపించాడు. ఇప్పుడక్కడ మా తోడికోడలి వంటగది ఉంది. మంచి వెలుతురు, పెద్ద గట్టు. మా అత్త పొద్దున అక్కడే కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతుంది. అవ్వ గడపలో కూర్చుని వాదన మొదలుపెడుతుంది.

ఈ ఏడు బడిలో పిల్లలకు, మీ ఊళ్లలో పెద్దలు చెప్పే కథ ఒకటి విని వచ్చి తరగతిలో చెప్పండి అన్నాను. మా పక్క ఊరి నుంచి వచ్చే ఒక ఆరో తరగతి అమ్మాయి లేచి నిలబడి, చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

“నవాబుల కాలంలో టీచర్, నంద్యాల నుంచి శానా లావాటి అయ్యగారు ఒకాయన వచ్చినాడంట. సిపాయిలు తరుముతాంటే జొన్నల పాతరలో దూకినాడంట. లావుగా ఉండాడు గదా, మూతి కాడ ఇరుక్కున్నాడంట. అప్పుడు మరియమ్మ తల్లి వచ్చి ఆముదం పోసిందంట. లోపలికి పోయి ఆయన ఎంత గట్టిగా పాడినా సిపాయిలకు వినపడలేదంట.”

పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వాపుకోవడం కష్టమై బోర్డు వైపు తిరిగాను.

“ఇది ఎవరు చెప్పినారు నీకు?” అని అడిగాను.

“మా జేజి టీచర్, మా నాయనోళ్లమ్మ. ఆమెకు వాళ్ల జేజి చెప్పిందంట.”

సరిదిద్దుదామని నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్లు చూసి, “బాగా చెప్పినావు, కూర్చో” అన్నాను.

సాయంత్రం బస్టాండులో నిలబడి మా నాయనకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను.  కోపమొస్తుందేమో అనుకున్నాను. మరియమ్మ వచ్చి ఆముదం పోయడం ఆయనకు మింగుడుపడే సంగతి కాదు.

“నవాబుల కాలమని చెప్పిందా?” అన్నాడు.

“అవును నాయనా.”

“అప్పుడు నేను అంత లావు లేనే. ఆ పిల్లకు చెప్పు, అది మాత్రం తప్పని” అన్నాడు. తర్వాత ఆ లావాటి గొంతుతో నవ్వాడు, ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. బెంచీ మీద పక్కనున్న ఆమెకు కూడా వినపడినట్టుంది, నా వైపు చూసి ఆమె కూడా నవ్వింది.